బడి మానిన యువకుల శిక్షణ: ఫలితమును కొలుచుట ఎట్లు?

ఒక రైతు తన పొలమునకు కొత్త ఎరువు వేసినాడు. ఆ సంవత్సరము ఎకరమునకు 30 బస్తాల ధాన్యము పండినది. ఈ 30 బస్తాలును ఎరువు ఫలమేనా? కాదని ఏ రైతైనను చెప్పగలడు. ఎరువు వేయకపోయినను ఆ నేల కొంత పండియే ఉండును. వానలు అదనులో కురిసినవి, తెగులు సోకలేదు. ఎరువు లేకుండ 25 బస్తాలు పండియుండునని అనుకొన్నచో, ఎరువు వలన కలిగిన లాభము 5 బస్తాలు మాత్రమే. అయితే ఇక్కడ ఒక చిక్కు కలదు. ఎరువు వేసిన మడిలో ఎరువు వేయని పంటను ఎవరును చూడజాలరు. ఒకే మడి ఒకే ఋతువులో రెండు విధములుగా పండదు.

మనుష్యుల విషయములోను ఇదే చిక్కు ఎదురగును. చదువు మధ్యలో మాని, చేతిపని లేక తిరుగుచున్న యువకులకు తిరిగి చదువు చెప్పుటకు, వృత్తి నేర్పుటకు ప్రభుత్వములు గ్రాంటులు ఇచ్చుచుండును. గ్రాంటు పొందిన సంస్థ సంవత్సరాంతమున నివేదిక పంపును: “నూరుమంది చేరినారు, ఎనుబదిమంది శిక్షణ పూర్తిచేసినారు, అరువదిమందికి ఉద్యోగములు దొరికినవి.” ఈ అరువదిమంది ఉద్యోగములును శిక్షణ ఫలమేనా? శిక్షణ లేకున్నను వారిలో ఎందరికి పని దొరికియుండును? ఈ ప్రశ్నకు సమాధానము లేనిదే ఆ ధనము సద్వినియోగమైనదో కాదో చెప్పుట సాధ్యము కాదు. ధనము మాట అటుంచి, ఆ యువకులు తమ ప్రాయములో వెచ్చించిన నెలలు వృథా అయినవో కాలేదో తెలియదు.

ఈ ప్రశ్నను అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1960 తరువాత చాల శ్రద్ధతో పరిశోధించినారు. అక్కడ జరిగిన పొరపాట్లును, తేలిన సత్యములును తెలిసికొన్నచో, ఏ దేశములోనైనను ఇట్టి నివేదికలను చదువు విధానము బోధపడును.

నాలుగు లెక్కలు

ఇట్టి పథకములను గూర్చి చెప్పునపుడు నాలుగు వేరువేరు సంగతులను కలగాపులగము చేయుట పరిపాటి. మొదటిది పెట్టుబడి: ధనము, ఉపాధ్యాయులు, పనిముట్లు. రెండవది జరిగిన పని: ఎందరు చేరినారు, ఎన్ని గంటలు పాఠములు జరిగినవి. మూడవది ఫలితము: శిక్షణ ముగిసిన తరువాత యువకుల స్థితి ఎట్లున్నది, పరీక్ష ప్యాసైనారా, ఉద్యోగము దొరికినదా, జీతమెంత. నాలుగవది ప్రభావము: శిక్షణ పొందినందువలన వచ్చిన ఫలితమునకును, పొందకున్న వచ్చియుండెడి ఫలితమునకును గల తేడా.

మూడవ లెక్కను చూచి నాలుగవది తెలిసినదని భ్రమపడుట సులభము. ఒక ఉదాహరణ తీసికొందము. రెండు శిక్షణ కేంద్రములు ఉన్నవనుకొనుడు. మొదటి కేంద్రము తొమ్మిదవ తరగతి వరకు చదివినవారిని ఏరి చేర్చుకొన్నది. అందు నూరుమందిలో 80 మందికి ఉద్యోగములు వచ్చినవి. రెండవ కేంద్రము నాలుగవ తరగతితోనే బడి మానినవారిని చేర్చుకొన్నది. అందు 50 మందికే ఉద్యోగములు వచ్చినవి. మొదటి కేంద్రమే గొప్పదని పైకి కనిపించును. కాని శిక్షణ లేకున్నను మొదటివారిలో 75 మందికి, రెండవవారిలో 30 మందికి పని దొరికియుండెడిదని అనుకొనుడు. అప్పుడు మొదటి కేంద్రము చేసిన మేలు 5. రెండవ కేంద్రము చేసిన మేలు 20. మూడవ లెక్కను పట్టి గ్రాంటులు పంచినచో, నాలుగింతలు మేలు చేసిన కేంద్రము మూతపడును.

శిక్షణకు ముందు, తరువాత

శిక్షణ లేకున్న ఏమి జరిగియుండునో తెలిసికొనుటకు మొదట తోచు ఉపాయము, అదే యువకుని పూర్వస్థితితో పోల్చుట. శిక్షణకు ముందు సంవత్సరము అతడు సంపాదించినది ఎంత? తరువాత సంపాదించినది ఎంత? తేడాయే శిక్షణ ప్రభావమని చెప్పవచ్చునా?

1978లో ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్ అను ఆర్థికశాస్త్రవేత్త ఈ ఉపాయములోని లోపమును బయటపెట్టినాడు. 1964లో ప్రభుత్వ శిక్షణ పొందినవారి ఆదాయములను ఆయన సంవత్సరముల వారీగా పరిశీలించినాడు. శిక్షణలో చేరుటకు సరిగా ముందు కాలములో వారి ఆదాయము తగ్గిపోయినట్లు కనిపించినది. కారణము ఊహింపదగినదే. చేతిలో పని ఉన్నవాడు శిక్షణకు ఎందుకు పోవును? పని పోయినవాడే, సంపాదన పడిపోయినవాడే దరఖాస్తు పెట్టును. ఆ పతనమునుండి కొందరు శిక్షణ లేకున్నను తేరుకొందురు. జ్వరము మిక్కిలి హెచ్చిన దినముననే రోగి వైద్యుని వద్దకు పోవును. మరునాడు జ్వరము కొంత తగ్గినచో, అది మందు మహిమయో, తగ్గవలసిన సమయమే వచ్చినదో ఒక్క రోగిని చూచి చెప్పలేము. శాస్త్రజ్ఞులు ఈ సంపాదన పతనమునకు “ఆషెన్‌ఫెల్టర్ పల్లము” అని పేరు పెట్టినారు.

యువకుల విషయములో మరియొక కారణము కూడ తోడగును. పదునేడేండ్ల కుర్రవాడు సంపాదించునది తక్కువ. ఇరువదియేండ్లు వచ్చుసరికి, ఏ శిక్షణ లేకున్నను, వయసును అనుభవమును పెరిగి, సంపాదనయు పెరుగును. ఈ పెరుగుదలను శిక్షణ ఖాతాలో వ్రాయుట న్యాయము కాదు.

సరే, శిక్షణలో చేరని ఇరుగుపొరుగు యువకులతో పోల్చినచో? ఇందును చిక్కు కలదు. తమంతట వచ్చి చేరినవారికి పట్టుదల ఎక్కువ ఉండవచ్చును. అప్పుడు వారు శిక్షణ లేకున్నను ముందుకు పోయెడివారే. లేదా, పని దొరికినవారు చేరక, ఎక్కడను పని దొరకనివారే చేరియుండవచ్చును. అప్పుడు మంచి శిక్షణ కూడ చెడ్డదిగా కనిపించును. ఏ వైపునకు తప్పు జరుగుచున్నదో కూడ ముందుగా తెలియదు.

చీటీల పద్ధతి

ఈ చిక్కునుండి బయటపడు మార్గము వ్యవసాయ పరిశోధననుండి వచ్చినది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రములో 1919లో చేరిన ఆర్. ఎ. ఫిషర్, ఎరువుల ప్రయోగములను గూర్చి ఆలోచించినాడు. ఒకే పొలములోను ఒక మూల సారము ఎక్కువ, మరియొక మూల తక్కువ. శాస్త్రజ్ఞుడే మడులను ఎన్నుకొన్నచో, తెలిసియో తెలియకయో మంచి మడికి కొత్త ఎరువు వేయవచ్చును. కాబట్టి ఏ మడికి ఎరువు వేయవలెనో చీటీలు వేసి తేల్చవలెనని ఫిషర్ చెప్పినాడు. 1935లో ఆయన ప్రకటించిన ‘ప్రయోగముల రూపకల్పన’ అను గ్రంథము ఈ పద్ధతిని లోకమునకు చాటినది. బ్రిటనులో క్షయరోగమునకు స్ట్రెప్టోమైసిన్ మందును పరీక్షించి 1948లో ఫలితములు ప్రకటించిన ప్రయోగములో కూడ రోగులను ఈ విధముగనే రెండు వర్గములుగా విభజించినారు.

చీటీలకు ఇంత శక్తి ఎక్కడిది? దీనిని తరగతిలో విద్యార్థులే పరీక్షించి చూడవచ్చును. నలువదిమంది విద్యార్థుల పేర్లు చీటీలపై వ్రాసి, కలిపి, చూడకుండ తీసి, ఇరువదిమంది చొప్పున రెండు వర్గములు చేయవలెను. తరువాత రెండు వర్గముల సగటు ఎత్తును కొలువవలెను. అట్లే ఇంటినుండి బడికి గల దూరమును, తోబుట్టువుల సంఖ్యను తెలిసికొని సగటులు కట్టవలెను. చీటీలు తీయునపుడు వీటిలో దేనిని పట్టించుకొనలేదు. అయినను సగటులు చాలవరకు దగ్గరగానే ఉండును. బడిలోని 400 మందితో చేసినచో ఇంకను దగ్గరగును. కొలిచిన గుణములే కాదు, పట్టుదల, అదృష్టము, ఇంటి పరిస్థితి వంటి కొలువని గుణములును ఇట్లే సమానముగా పంచబడును. ఆ తరువాత ఒక వర్గమునకు మాత్రమే శిక్షణ ఇచ్చి, కొంతకాలమునకు రెండు వర్గముల మధ్య పెద్ద తేడా కనిపించినచో, దానికి కారణము శిక్షణయే అని చెప్పుటకు ఆధారము దొరకును. శిక్షణ పొందని రెండవ వర్గమును ‘తులనా వర్గము’ అనవచ్చును. ఎరువు వేయని మడి పాత్రను ఇది వహించును.

అమెరికాలో 1975లో ప్రారంభమైన ‘ఆసరాతో కూడిన ఉద్యోగ’ ప్రయోగములో ఈ పద్ధతిని పాటించినారు. అందులో పాల్గొన్న నాలుగు తెగలవారిలో బడి మానిన 17 మొదలు 20 ఏండ్ల యువకులు ఒక తెగ. వారికి కొంతకాలము పని కల్పించి, పనిలో క్రమశిక్షణను క్రమక్రమముగా పెంచినారు. ఆ పని ఉన్నంతకాలము వారి సంపాదన తులనా వర్గముకంటె మిన్నగా ఉన్నది. ఆ పని ముగిసిన తరువాత తేడా నిలువలేదు. తులనా వర్గమే లేకున్నచో ఈ సంగతి తెలిసియుండెడిది కాదు. 1986లో రాబర్ట్ లాలోండ్ అను ఆర్థికశాస్త్రవేత్త ఇదే ప్రయోగమును తీసికొని, చీటీల ద్వారా వచ్చిన తులనా వర్గమునకు బదులు, సాధారణ సర్వేలనుండి ఎన్నుకొన్న ఇతరులతో పోల్చి చూచినాడు. సమాధానములు ఒకదానికొకటి పొంతన లేకుండ వచ్చినవి. కొన్ని లెక్కలలో లాభము నష్టముగా కూడ తేలినది.

లెక్క కోసము పని

చీటీల ప్రయోగమునకు ఏండ్లు పట్టును. గ్రాంటు ఇచ్చు ప్రభుత్వము అంతకాలము ఆగదు. సంవత్సరాంతమునకే లెక్క కావలెనని కోరును. 1982లో అమెరికాలో చేసిన ‘ఉద్యోగ శిక్షణ భాగస్వామ్య చట్టము’ ఇట్టి లెక్కలకు పెద్దపీట వేసినది. శిక్షణ ముగించినవారిలో ఎందరికి ఉద్యోగము వచ్చినది, తొలి జీతమెంత, ఒక్కొక్కరికి అయిన ఖర్చెంత అను అంశములకు ప్రమాణములు నిర్ణయించి, వాటిని మించిన స్థానిక సంస్థలకు అదనపు నిధులు బహుమానముగా ఇచ్చినారు.

ఉద్దేశము మంచిదే. కాని పాస్కల్ కూర్టీ, జెరాల్డ్ మార్ష్కె అను ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు పరిశీలించగా ఒక విచిత్రము కనిపించినది. శిక్షణ పొందినవాని ఉద్యోగ స్థితిని, అతని పేరు జాబితానుండి తొలగించిన నాటి లెక్కప్రకారము నమోదు చేయుచుండిరి. ఉద్యోగము దొరికినవాని పేరును వెంటనే తొలగించి విజయముగా చూపినారు. దొరకనివాని పేరును, శిక్షణ ముగిసిన తరువాత కూడ, నిబంధనలు అనుమతించినంతకాలము జాబితాలోనే ఉంచినారు. ఈ ఆలస్యము వలన ఆ యువకునకు కలిగిన మేలు ఏమియు లేదు. నివేదిక మాత్రము అందముగా తయారైనది. పరీక్షలో నూటికి నూరు ఉత్తీర్ణత చూపుటకై వెనుకబడిన విద్యార్థిని పరీక్షకే పంపని బడి వంటిది ఇది. ఉపాధ్యాయులకు ఈ పోలిక కొత్తది కాదు.

మరియొక ప్రశ్న మిగిలినది. శిక్షణ ముగిసిన నాటి ఉద్యోగము, తొలి జీతము అను లెక్కలు నిజమైన ప్రభావమునకు గుర్తులుగానైనను పనికివచ్చునా? 2000లో నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ హెక్మన్ తన సహచరులతో కలిసి ఈ విషయమును పరిశోధించి, 2002లో ప్రకటించినాడు. ఈ తాత్కాలిక లెక్కలకును దీర్ఘకాలిక ప్రభావమునకును సంబంధము చాల స్వల్పమని తేలినది.

ఇట్లు తేల్చుటకు ఆధారము, ఈ చట్టముపైననే జరిగిన ఒక పెద్ద చీటీల ప్రయోగము. 1987 నవంబరు మొదలు 1989 సెప్టెంబరు వరకు, 16 ప్రాంతములలో దరఖాస్తు చేసిన సుమారు 20,000 మందిని రెండు వర్గములుగా విభజించినారు. మూడింట రెండువంతుల మందికి చేరు అవకాశమిచ్చినారు. మిగిలిన వంతు తులనా వర్గము. వయోజనులైన స్త్రీ పురుషుల సంపాదన కొంత పెరిగినది. కాని బడిలో లేని 16 మొదలు 21 ఏండ్ల యువతీ యువకులలో గుర్తింపదగిన లాభము కనిపించలేదు. దీని పర్యవసానము తీవ్రముగా ఉన్నది. 1995లో అమెరికా శాసనసభ ఈ చట్టము క్రింద యువకులకు కేటాయించిన నిధులలో చాలభాగమును తగ్గించివేసినది. ప్రయోజనము లేని శిక్షణ ఆగినది నిజమే. దానికి బదులుగా ఆ యువకులకు ఏమి ఇవ్వవలెనను ప్రశ్నకు మాత్రము ఆ కొలత సమాధానము చెప్పలేదు.

జాబ్ కోర్ పరిశోధన

బడి మానిన యువకుల శిక్షణ పథకములలో పెద్దది, ఖరీదైనది ‘జాబ్ కోర్’. ఇది 1964లో ప్రెసిడెంట్ జాన్సన్ కాలములో ప్రారంభమైనది. 16 మొదలు 24 ఏండ్ల పేద యువతీ యువకులలో అధికులు కేంద్రములలోనే నివసించి, చదువును వృత్తిని నేర్చుకొందురు. భోజనము, వైద్యము కూడ కేంద్రమే ఇచ్చును.

1994 నవంబరు మొదలు 1996 ఫిబ్రవరి వరకు ఈ పథకమునకు అర్హులైన సుమారు 81,000 మంది దరఖాస్తుదారులనుండి, చీటీల పద్ధతిలో సుమారు 6,000 మందిని తులనా వర్గముగా తీసినారు. వారు మూడేండ్లవరకు జాబ్ కోర్‌లో చేరరాదు. ఇతర చదువులకు, శిక్షణలకు పోవచ్చును. చేరు అవకాశము పొందినవారిలో సుమారు 9,400 మందిని పరిశోధన కొరకు ఎన్నుకొన్నారు. నాలుగేండ్లపాటు ఇరువర్గములవారిని వెదకి, పలుమార్లు ప్రశ్నించినారు.

ఫలితములు ఇట్లున్నవి. దరఖాస్తు నాటికి హైస్కూలు పట్టా గాని, దానికి సమానమైన సర్టిఫికేటు గాని లేనివారిలో, సమానస్థాయి సర్టిఫికేటు పొందినవారు అవకాశము పొందిన వర్గములో నూటికి 42 మంది, తులనా వర్గములో 27 మంది. వృత్తి సర్టిఫికేటు పొందినవారు ఒక వర్గములో సుమారు 38 మంది, రెండవదానిలో 15 మంది. నాలుగేండ్లలో పోలీసులు అరెస్టు చేసినవారు ఒక వర్గములో 29 మంది, రెండవదానిలో 33 మంది. మొదటి సంవత్సరము శిక్షణలో ఉన్నందున సంపాదనలో అవకాశము పొందిన వర్గమే వెనుకబడినది. అప్పుడే కొలత ముగించియున్నచో పథకము నష్టమనియే తేలెడిది. నాలుగవ సంవత్సరమునకు వారి సగటు వారపు సంపాదన 211 డాలర్లు. తులనా వర్గమునకు 195 డాలర్లు.

ఇక్కడ విద్యార్థులు గమనింపదగిన చిన్న గణితము కలదు. తేడా 16 డాలర్లు. కాని అవకాశము పొందినవారిలో అందరును చేరలేదు. నూటికి 73 మందియే చేరినారు. తులనా వర్గములోనివారు ఒకరిద్దరు ఎట్లో చేరినారు. కాబట్టి నికరమైన తేడా నూటికి 72. చేరనివారికి ఈ పథకము వలన ఏ మార్పును కలుగలేదని అనుకొన్నచో, 16ను 0.72తో భాగింపగా 22 వచ్చును. అనగా నిజముగా చేరిన ఒక్కొక్కనికి వారమునకు సుమారు 22 డాలర్లు, సంవత్సరమునకు సుమారు 1,150 డాలర్లు హెచ్చు. చేరినవారిని మాత్రమే విడదీసి తులనా వర్గముతో నేరుగా పోల్చియున్నచో, చీటీల వలన వచ్చిన సమానత్వము చెడిపోయెడిది. ఎవరు చేరుదురన్నది చీటీ నిర్ణయింపదు. వారి స్వభావము నిర్ణయించును.

ఈ ఆధారముతో 2001లో వెలువడిన నివేదిక, సంపాదనలోని తేడా తరువాతి ఏండ్లలోను నిలుచునని ఊహించి, సమాజము వెచ్చించిన ప్రతి డాలరుకు సుమారు రెండు డాలర్ల ప్రతిఫలము వచ్చునని లెక్కకట్టినది. అయితే తరువాత అదే పరిశోధకులు ప్రభుత్వపు పన్నుల రికార్డులను తీసి చూచినారు. రికార్డులలో కనిపించిన లాభము యువకులు చెప్పిన లాభముకంటె తక్కువగా ఉన్నది. నాలుగేండ్ల తరువాత, మొత్తము మీద చూచినచో, అది నిలువలేదు. చేరునాటికి 20 మొదలు 24 ఏండ్ల వయసుగలవారిలో మాత్రమే లాభము నిలిచినది. ఈ కొత్త లెక్క ప్రకారము, అందరిని కలిపి చూచినచో ఖర్చు లాభమును మించినది. పెద్ద వయసువారి విషయములో లాభమే ఖర్చును మించినది. ముందు తాము ప్రకటించిన లెక్కను పరిశోధకులే స్వయముగా సవరించుకొనుట ఇందు మెచ్చదగిన విషయము.

కొలతలోని హెచ్చుతగ్గులు

ఇన్ని వేలమందిని పరిశీలింపవలసిన అవసరమేమి? నాణెమును నూరుసార్లు ఎగురవేసినచో సరిగా 50 సార్లే బొమ్మ పడదు. 45 సార్లు గాని, 56 సార్లు గాని పడవచ్చును. సాధారణముగా 40కిని 60కిని మధ్య ఉండును. మనుష్యుల వర్గములలోను యాదృచ్ఛికమైన ఇట్టి తేడాలు ఉండును. ఇరువర్గములలోను నూరేసి మంది ఉండి, అందు సుమారు సగముమందికి ఉద్యోగములు వచ్చినవనుకొనుడు. శిక్షణ వలన ఏ మార్పును కలుగకున్నను రెండు వర్గముల మధ్య నూటికి 14 వరకు తేడా కాకతాళీయముగా రావచ్చును. కాబట్టి నూరుమంది లెక్కలో 5 తేడా కనిపించినచో దానికి అర్థమే లేదు. ఒక్కొక్క వర్గములో 5,000 మంది ఉన్నచో ఈ హద్దు నూటికి 2కు తగ్గును. అప్పుడు 5 తేడా కనిపించినచో దానిని నమ్మవచ్చును.

ఒక్క కేంద్రము సాధించిన విజయమును చూచి తొందరపడరాదనుటకు కూడ ఇది కారణము. 1985లో ప్రారంభమైన ‘జాబ్‌స్టార్ట్’ అను ప్రయోగము 13 చోట్ల జరిగినది. కాలిఫోర్నియాలోని శాన్ హొసే పట్టణ కేంద్రములో మాత్రము యువకుల సంపాదన బాగుగా పెరిగినట్లు కనిపించినది. ఆ పద్ధతినే అనుకరించి ఇతర ప్రాంతములలో కేంద్రములు నెలకొల్పి మరల కొలిచినారు. ఆ లాభము మొత్తము మీద తిరిగి కనిపించలేదు. మొదటి ఫలితములో ఆ ఊరి పరిశ్రమల పాత్ర ఎంత, నేర్పినవారి దక్షత ఎంత, యాదృచ్ఛికత ఎంత అని విడదీయుట ఒక్క కేంద్రమును చూచి సాధ్యము కాదు.

చీటీ రానివారి మాట

అవసరములో ఉన్న యువకుని చీటీ వేసి త్రోసివేయుట న్యాయమా అని అడుగువారు కలరు. అడుగవలసిన ప్రశ్నయే. స్థలములు దరఖాస్తులకంటె తక్కువగా ఉన్నచోట ఎవరినో ఒకరిని కాదనక తప్పదు. అట్టి సందర్భములో సిఫారసుకంటె చీటీయే న్యాయమైనది. జాబ్ కోర్ తులనా వర్గములో నూటికి సుమారు 72 మంది ఇతరచోట్ల చదువునో శిక్షణనో పొందినారు. కాబట్టి ఆ పరిశోధన కొలిచినది, శిక్షణకును ఏమియు లేకపోవుటకును గల తేడాను కాదు. జాబ్ కోర్‌కును ఊరిలో దొరకు ఇతర అవకాశములకును గల తేడాను.

కొలువకుండ ఊరకొనుట కూడ హాని చేయవచ్చును. ఉపయోగము లేని శిక్షణలో ఒక సంవత్సరము గడపిన పదునెనిమిదేండ్ల యువకుడు, ఆ సంవత్సరమును తిరిగి పొందలేడు. అతని పేరు మాత్రము నివేదికలో విజయముగా నిలిచియుండును.

నివేదికను చదువు విధానము

అమెరికాలో 2014లో చేసిన కొత్త చట్టము, యువకుల కొరకు ఉద్దేశించిన నిధులలో నూటికి 75 వంతులు బడిలో లేని 16 మొదలు 24 ఏండ్లవారిపై వెచ్చింపవలెనని నిర్ణయించినది. శిక్షణ వదలిన దినమున కాక, వదలిన తరువాత రెండవ త్రైమాసికములోను, నాలుగవ త్రైమాసికములోను వారు పనిలోనో చదువులోనో ఉన్నారా అని చూడవలెనని కూడ విధించినది. సంపాదనను సగటుగా కాక మధ్యస్థముగా లెక్కింపవలెనన్నది. అయిదుగురి జీతములు 6, 7, 8, 9, 50 వేలు అయినచో సగటు 16 వేలు. మధ్యస్థము 8 వేలు. ఒక్కని అదృష్టము నలుగురి పేదరికమును కప్పిపుచ్చకుండ ఉండుటకు ఇది ఉపాయము. చేర్చుకొన్నవారి వెనుకబాటును, ఆ ప్రాంతపు ఉద్యోగ పరిస్థితిని లెక్కలోనికి తీసికొని లక్ష్యమును సవరింపవలెనని కూడ ఆ చట్టము చెప్పినది. నాలుగవ తరగతితో బడి మానినవారిని చేర్చుకొన్న కేంద్రమునకు ఇందువలన కొంత న్యాయము కలుగును. అయినను ఇవన్నియు మూడవ లెక్కలే. తులనా వర్గము లేనిదే నాలుగవ లెక్క తెలియదు.

మన దేశములో గ్రామీణ పేద యువకుల కొరకు 2014లో ప్రారంభించిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, శిక్షణ పొందినవారిలో కనీసము నూటికి 70 మందికి ఉద్యోగములు చూపవలెనని సంస్థలకు నియమము పెట్టినది. అట్టి నియమము ఉపాధ్యాయుల ఊరిలోని కేంద్రములలో నెరవేరినదని విన్నపుడు, కొన్ని ప్రశ్నలు అడుగవచ్చును. ఎటువంటి వారిని చేర్చుకొన్నారు? మధ్యలో మానినవారు లెక్కలో ఉన్నారా? ఉద్యోగమును ఏ నాడు లెక్కించినారు? సంవత్సరము తరువాత వారు ఏమి చేయుచున్నారు? శిక్షణ పొందని అట్టివారే ఇప్పుడు ఎట్లున్నారు?

ఈ ప్రశ్నలలో చివరిది మిక్కిలి కష్టమైనది. సమాధానము దొరకునది అరుదు. కాని జాబ్ కోర్ పరిశోధనలో ఆ ప్రశ్న అడిగినందువలననే ఇరువదియేండ్లు నిండినవారికి ఆ శిక్షణ పనికివచ్చినదనియు, పదునారు పదునేడేండ్లవారికి అది చాలలేదనియు తెలిసినది. ఆ చిన్నవారికి ఏమి చేయవలెనన్నది ఇంకను పరిశోధింపవలసియే ఉన్నది. వారు నిన్నమొన్నటివరకు ఏదో ఒక బడిలో, ఏదో ఒక బల్లపై కూర్చున్నవారు. హాజరుపట్టీలో వారి పేరు కొట్టివేసిన ఉపాధ్యాయునికి వారి ముఖములు ఇంకను గుర్తుండును.